వెనక్కి తిరగని తారీఖు

జనగామలో బస్సెక్కి కాళేశ్వరంలో గోదావరి ఒడ్డున దిగేదాకా దారిలో ఏ ఇంట్లోకైనా తొంగిచూడండి. గోడ మీద దండ వేసుకుని, కోటు తొడుక్కుని ఠీవిగా కూర్చున్న పెద్దాయన ఒకడు కనిపిస్తాడు. బతికినన్నాళ్ళూ బనీను తప్ప ఎరగని ఆ పెద్దాయనకు కోటు తొడిగిన చెయ్యి ఎవరిదనుకున్నారు? దేవరుప్పుల ఎల్లస్వామిది. భూపాలపల్లిలో ఒక బొగ్గుబాయి కార్మికుడు పోతే, ఎల్లస్వామి ఆయనకు కోటేసి, టై కట్టి, మీసం దువ్వి ఇచ్చాడు. ఆ ఫొటో చంకన పెట్టుకుని ఆయన భార్య ఏదో పనిమీద ఆఫీసుకు పోతే, అక్కడి గుమాస్తా ఫొటోను చూసి లేచి నిలబడి ఆమెకు కుర్చీ వేశాడు. చచ్చినవాళ్ళను ఇంత దర్జాగా బతికించేవాడు మూడు జిల్లాల్లో మరొకడు లేడు.

అంతటి ఎల్లస్వామి పెత్రమాస నాడు పొద్దున తన స్టూడియోలో కంప్యూటర్ ముందు, బస్సు తప్పిపోయిన మనిషిలాగా కూర్చున్నాడు. ఫొటోలు దిద్దే యాప్ తెరుచుకోవడం లేదు.

దాని బొమ్మ మీద నొక్కితే చిన్న చక్రం ఒకటి గిరగిరా తిరుగుతుంది. తిరిగి తిరిగి ఆగిపోతుంది. మళ్ళీ నొక్కితే ‘అప్‌డేట్ చేయండి’ అంటుంది. సరే, చేద్దామని నొక్కితే ఒక నీలం గీత చీమ నడిచినట్టు సగం దాకా నడిచి, అక్కడ కాలు విరిగినట్టు నిలబడి, ‘కాలేదు’ అని ఇంగ్లీషులో చెప్పి మాయమవుతుంది. ఎల్లస్వామి దాన్ని బతిమాలాడు. తిట్టాడు. అగర్బత్తి తిప్పాడు. పైన తట్టి చూశాడు. అది ఉలకలేదు, పలకలేదు.

గిరాకీల ఫొటోలన్నీ నిన్ననే ఇచ్చేశాడు. పెత్రమాసకు ముందు వారం రోజులూ స్టూడియోకు ఊపిరాడదు. పోయినవాళ్ళ పేరు మీద గుడి అయ్యగారికి బియ్యమిచ్చే అమావాస్య కదా, ఆ నాటికి గోడ మీద పటం నిగనిగలాడాలని అందరికీ ఉంటుంది. మిగిలింది ఒక్కటే ఫొటో. అది అతని సొంతది.

ఎల్లస్వామికి, బాలనర్సమ్మకు రజిత అని ఒక బిడ్డ ఉండేది. ఆరేళ్ళప్పుడు జ్వరమొచ్చింది. జనగామ దవాఖానకు, అక్కణ్ణుంచి హనుమకొండకు తీసుకుపోయారు. తీసుకువచ్చేటప్పుడు ఆ పిల్ల తండ్రి ఒళ్ళోనే ఉంది కానీ, దారంతా ఒక్క మాటా అడగలేదు. గుంటలు, బర్రెలు, రైలుగేటు, ఏది కనిపించినా ‘గదేంది బాపు’ అని అడిగే పిల్ల.

ఆ ఏడు పెత్రమాసకు బాలనర్సమ్మ పొయ్యి వెలిగించలేదు. మరుసటేడు కూడా చాట ముందర పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. అది చూడలేక ఎల్లస్వామి స్టూడియోలోకి పోయి, బిడ్డ ఫొటోను కంప్యూటర్‌లోకి ఎక్కించి, దానికి ఒక ఏడు వయసు కలిపాడు. బుగ్గలు కొంచెం తీశాడు, మెడ కొంచెం సాగదీశాడు, రెండో తరగతి పిల్లలు వేసుకునే గౌను వేశాడు. అచ్చుతీసి తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. ఆమె చాలాసేపు చూసింది. లేచి మొహం కడుక్కుంది. అత్తమామల పేర్ల మీద బియ్యమిచ్చి వచ్చింది. బిడ్డ పేరు చెప్పలేదు. పెరుగుతున్న పిల్ల పేరు మీద ఎవరైనా బియ్యమిస్తారా?

అప్పటినుంచి ఏటా పెత్రమాస నాడు రజితకు ఒక ఏడు నిండుతోంది. పొద్దున బొమ్మ వస్తుంది. బాలనర్సమ్మ చూస్తుంది. రెండే పేర్లు చెప్పి బియ్యమిచ్చి వస్తుంది. ఈ ఏడు రజితకు పదిహేడు. ఆమెను జనగామ కాలేజీకి పంపాలని ఎల్లస్వామి అనుకున్నాడు. భుజానికి ఆకుపచ్చ సంచి, మెడలో బస్సు పాసు. సంచి కోసం పక్కింటి పిల్లనడిగి, దాన్ని కుర్చీకి తగిలించి ఫొటో కూడా తీసి పెట్టుకున్నాడు. యాప్ తెరుచుకోకపోతే ఆ సంచి కుర్చీకే ఉండిపోతుంది. పిల్ల పదహారు దగ్గర ఆగిపోతుంది. బాలనర్సమ్మ అయ్యగారి ముందు ఎన్ని పేర్లు చెబుతుందో తలుచుకుంటూ అతను యాప్ మీద మళ్ళీ నొక్కాడు.

ఇక్కడ ఒక మాట. మొదట్లో నేను కొంచెం ఎక్కువ చెప్పాను. ఎల్లస్వామి దగ్గరున్న కోటు ఒక్కటే. నీలం కోటు, ఎర్ర టై. యాప్ వేసిచ్చిన జనగామ షాపాయన ఊరికే ఇచ్చిన కోటు అది. దేవరుప్పుల చుట్టుపక్కల పోయినవాళ్ళంతా ఆ ఒక్క కోటునే వంతులవారీగా తొడుక్కుంటున్నారు. ఒకింట్లో ముగ్గురన్నదమ్ములు ఒకే గోడ మీద ఒకే కోటులో ఉంటారు, టై ముడి కూడా ఒకే పక్కకు వంగి ఉంటుంది. ఆ కోటు కాళేశ్వరం దాకా ఏమీ పోలేదు, భూపాలపల్లి ఒక్కటి తప్పిస్తే తొర్రూరు దాటడమే గొప్ప. భూపాలపల్లి కుర్చీ సంగతంటారా, వేశారు, నిజమే, కానీ దానికి మూడే కాళ్ళు. అదీ ఎల్లస్వామి దర్జా. కానీ రజితకు మాత్రం ఒక ఏడు వేసిన బట్ట మరో ఏడు వేయలేదు.

లింగ్యా వచ్చేసరికి ఎండ షట్టర్ దాటి లోపలికి వచ్చింది. డోర్నకల్ దగ్గరి తండాలో పుట్టి, మహబూబాబాద్‌లో కంప్యూటర్లు బాగుచేసే షాపు పెట్టుకున్న మనిషి. ఎల్లస్వామి ఫోన్లో గొంతు విని, అడగాల్సినవేమీ అడగకుండా బండి తీశాడు. హెల్మెట్ తీస్తూనే మొదలుపెట్టాడు.

“ఏందన్న, సచ్చినోళ్ళను లేపి కూసోబెట్టేటోనివి, నీ మిషిన్ను నువ్వే సంపుకున్నవా?”

“జర మెల్లగ తమ్మీ. ఎనుక ఇంట్ల మీ వదిన ఉన్నది.”

“వదినకు భయపడి మహబూబాబాద్ నుంచి నన్ను పిలిపించినవా! జరుగు జరుగు.”

లింగ్యా కుర్చీలో కూర్చుని పని పట్టాడు. కంప్యూటర్‌ను ఆర్పి మళ్ళీ వెలిగించాడు. యాప్ కనపడకుండా వెనకాల ఎక్కడైనా ఇరుక్కుని ఉందేమో వెతికి, ఉంటే దాన్ని ముగించి మళ్ళీ తెరిచాడు. వైరస్‌ను ఆపేది దీన్ని కూడా ఆపుతోందేమోనని దాన్ని కాసేపు పక్కకు పెట్టాడు. సగం దిగి ఆగిపోయిన అప్‌డేట్ ముక్కల్ని ఏరి పారేశాడు. ప్రతిసారీ చక్రం తిరగడం, ఆగడం. ఎల్లస్వామి అతని భుజం మీదుగా వంగి, దవాఖానలో డాక్టర్ మొహం చూసినట్టు లింగ్యా మొహం చూస్తున్నాడు.

చివరికి లింగ్యా చూపు తెర కింది మూలకు పోయింది.

“అన్నా, తారీఖేంది గిట్లున్నది? రెండువేల పధ్నాలుగా? నీ మిషిన్ల తెలంగాణ ఇప్పుడిప్పుడే వచ్చినట్టున్నది గదనే!”

“గా తారీఖుకే నడుస్తది తమ్మీ గీ యాప్. నెల రోజులు ఉత్తగ నడిచి ఆగిపోతదట. తారీఖు ముంగటికి పోకుంట సూస్కో, నువ్వున్నన్నొద్దులు నడుస్తది అని జనగామ షాపాయన చెప్పిండు.”

“అయితె రోజూ తిప్పుతున్నవా ఎనుకకు?”

“రోజూ పొద్దున.”

అది నిజం. షట్టర్ లేపడం, నీళ్ళు చల్లడం, అగర్బత్తి ముట్టించడం, తారీఖును ఆ ఏడు ఆగస్టులోకి తిప్పడం. పదకొండేళ్ళుగా అతని పొద్దు అట్లాగే మొదలవుతోంది. యాప్ కోసమే తిప్పుతున్నానని అతను ఎవరడిగినా చెప్పేవాడు. ఆ ఆగస్టులో రజితకు ఇంకా జ్వరం రాలేదు. కంప్యూటర్ పక్కన స్టూలెక్కి కూర్చుని, కొత్త యాప్‌లో కోటు ఎట్లా తొడుగుతున్నాడో చూసి ‘బాపూ, తాతకు చెమట పోస్తది గదనే’ అని నవ్వింది. ఈ సంగతి అతను లింగ్యాకు చెప్పలేదు.

“మరి నిన్న ఏం చేసినవ్?”

“తొర్రూరుల ఒకామె వాళ్ళత్త ఫొటో ఫోన్లకు పంపింది. దాన్ని మిషిన్లకు తెద్దామని ఫోను నెట్టు కలిపిన. ఆ ఫొటో చేసిచ్చి మిషిన్ బంద్ చేసిన. గంతే.”

లింగ్యా నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. “ఇన్నేండ్లు నెట్టు తగలనియ్యలె, నిన్ననే తగిలించినవా? నెట్టు తగలంగనే మిషిన్ దానంతటదే ఇయ్యాల్టి తారీఖు తెచ్చుకున్నది. యాప్ గది సూసింది.”

“నేను మళ్ళ ఎనుకకు తిప్పిన గదా?”

“తిప్పినవ్ గని, అది సూసింది గదనే అన్నా. ఒకపారి ముంగటి తారీఖు సూసినంక ఇగ ఎనుకటి తారీఖు చెప్తె నమ్మది. మనిషైతె మర్శిపోతడు. గిది మర్వది.”

ఎల్లస్వామి స్టూలు మీద కూర్చున్నాడు. “అప్‌డేట్ చేద్దాం మరి.”

“పాత తారీఖు మీద నెట్టు ఒప్పుకోది, గీ మిషిన్ అబద్ధమాడుతున్నది అంటది. ఇయ్యాల్టి తారీఖు పెడితె కొత్త యాప్ వస్తనంటది గని, నీ మిషిన్ ముసల్దైంది, నేను దీంట్ల పట్ట అంటది. రెండు దిక్కుల తలుపు పెట్టింది.”

“తీసేసి మళ్ళ కొత్తగ వేస్తే?”

“ఎయ్యొచ్చు. పాత డిస్కున్నదా?”

ఎల్లస్వామి తల గోక్కున్నాడు. “మక్కచేన్ల పిట్టలు వస్తున్నయని మీ వదిన తాడు కట్టి యాలాడదీసింది. నాలుగేండ్లాయె.”

లింగ్యాకు నవ్వాగలేదు. పగలబడి నవ్వాడు. ఎల్లస్వామి కూడా నవ్వబోయాడు. నోరు నవ్వుకు తెరుచుకుంది కానీ లోపలినుంచి ఏమీ రాలేదు. అప్పుడు లింగ్యా నవ్వు ఆపి అతని వైపు సరిగ్గా చూశాడు.

“అన్నా, ఎవలదన్నా గింత అర్జంటు?”

ఎల్లస్వామి బల్ల సొరుగు లాగి పోయినేటి బొమ్మ తీసి ఇచ్చాడు. పదహారేళ్ళ పిల్ల. ఓణీ వేసుకుని, చేతుల్లో తంగేడుపూలు పట్టుకుని, ఒక పన్ను మీద ఒక పన్నెక్కిన నవ్వుతో నిలబడి ఉంది. లింగ్యా ఆ పిల్ల చావుకు వచ్చినవాడే. బొమ్మను చాలాసేపు పట్టుకుని, అద్దం పలకను పెట్టినట్టు మెల్లగా బల్ల మీద పెట్టాడు.

“గీ పొరలన్నీ యాప్‌లనే ఉన్నయి తమ్మీ. మొఖం ఒక పొర, జడ ఒక పొర. అది తెరిస్తెనే నేను పెంచగలుగుత.”

లింగ్యా కిటికీ వైపు చూశాడు. ఊరికే వెళ్ళిపోవడం అతని వల్ల కాలేదు. జేబులోంచి ఫోన్ తీశాడు. “కొత్త యాప్ ఒకటున్నదన్నా ఫోన్ల. చిన్నప్పటి ఫొటో పెట్టి, ఎన్నేండ్లంటె గన్నేండ్లకు పెంచు అంటె పెంచి ఇస్తది. సూద్దామా?”

గోడ మీది రజిత స్కూలు ఫొటోను ఫోన్‌తో తీశాడు. పదిహేడు అన్నాడు. టీ తాగేంత సేపు కూడా పట్టలేదు. ఎల్లస్వామి ఏటా గంటలకొద్దీ కూర్చుని చేసేదాన్ని ఆ ఫోన్ రెప్పపాటులో చేసి చూపెట్టింది. పాలలో ముంచి తీసినట్టు మెరిసే పిల్ల. గులాబీ తోట. ముత్యాలు పేర్చినట్టు పళ్ళు, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా.

“మంచిగొచ్చింది గదన్నా?” అన్నాడు లింగ్యా. అతనికే నమ్మకం లేని గొంతుతో.

అప్పుడే వెనక తలుపు తీసుకుని బాలనర్సమ్మ వచ్చింది. ఒక చేతిలో బియ్యం, పప్పు, కూరగాయలు పోసిన చాట. తల స్నానం చేసి జుట్టు ముడేసుకుంది.

“ఏమయ్యా, పొద్దు నెత్తిమీదికొస్తున్నది. అయిందా? లింగ్యా తమ్మీ, ఎప్పుడొచ్చినవ్? చాయన్న తాగినవా?” అంటూ దగ్గరికి వచ్చి ఫోన్‌లోకి తొంగిచూసింది. “ఎవల పిల్లో గని సక్కగున్నది. పట్నం పిల్లనా?”

ఫోన్‌లో పిల్ల నవ్వుతూనే ఉంది.

“మన రజితనే వదినా,” అన్నాడు లింగ్యా, నేల చూసి.

బాలనర్సమ్మ మళ్ళీ చూసింది. ఈసారి ఫోన్‌ను చేతిలోకి తీసుకుని, వేలితో ఆ పళ్ళ మీద రాసి చూసింది, మరకేమైనా పోతుందేమో అన్నట్టు. తిరిగి ఇచ్చేసింది.

“కాదు తమ్మీ,” అంది. కోపం లేదు.

“నర్సమ్మా, యాప్ ఖరాబైంది,” అన్నాడు ఎల్లస్వామి. “నాలుగొద్దులు ఆగు. ఎట్లన్న చేసి తెరిపిస్త. ఈ పారికి పోయినేటి బొమ్మనే సూడు. నేను చేస్తనే, తప్పకుంట చేస్త.”

ఆమె బల్ల మీది ఓణీ బొమ్మను చూసింది. “నువ్వు చేసేది గూడ నాకెరుకేనయ్యా. ఆ ముక్కు నాది. మెడల గొలుసు నా పెండ్లి ఫొటోలది. ఆ జడ మా చెల్లెది. మొదట్ల రెండు మూడేండ్లు బిడ్డే ఉండె. ఆ తర్వాత ఏడాదికింత ఆమె పోయి, నేను వస్తున్న. ఇంకింత పెంచితె నేనే అయితుంటి.”

“మరి ఇన్నేండ్లు ఒక్కపారన్న అనకపోతివి!”

“నువ్వు గా ఒక్క రోజే ఈల వేసుకుంట పని చేస్తుంటివి. ఎట్లనాలె?”

“నీ కోసమే గదనే చేసింది.”

“అందుకే సూసిన,” అంది బాలనర్సమ్మ. చాటను ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకుంది. “నడువు. నువ్వు గూడ రా ఈ యేడు. అయ్యగారు లేచిపోతడు.”

రామాలయం పందిట్లో అయ్యగారి ముందర నలుగురైదుగురు మిగిలారు. ఎల్లస్వామి ఎప్పుడూ ఇక్కడికి రాలేదు. బొమ్మ ఇచ్చి షాపులోనే ఉండిపోయేవాడు. తన వంతు వచ్చినప్పుడు బాలనర్సమ్మ మామ పేరు చెప్పింది, అత్త పేరు చెప్పింది. అయ్యగారు ఇంకెవరన్నా అన్నట్టు తలెత్తాడు. ఏటా ఆమె అక్కడే లేచేది. ఈసారి లేవలేదు. ఎల్లస్వామి ఆమె పెదవుల వైపు చూడలేక చాటలోని బీరకాయను చూస్తున్నాడు.

“రజిత,” అంది.

“ఏమైతదమ్మా మీకు?”

“బిడ్డ.”

“ఎన్నేండ్లు?”

“పదిహే...” అని ఎల్లస్వామి నోటినుంచి వచ్చింది. ఎవరో వెనక నుంచి తోసినట్టు వచ్చింది.

“ఆరు,” అంది బాలనర్సమ్మ.

అయ్యగారు ఇద్దర్నీ చూశాడు. పెద్దవయసు మనిషి. ఏదో అర్థమైనట్టు, చేతిలోకి తీసుకున్న నీళ్ళ చెంబు కింద పెట్టాడు.

“ఆరేండ్ల పిల్లకు బియ్యం ఇయ్యరమ్మా. పితరులల్ల కలిసేంత పెద్దది గాదు ఆమె. ఇగ మంత్రమెందుకు? సాయంత్రం ఎవలన్న ఆమె ఈడు పిల్లకు ఇంత తీపి పెట్టు. అదే పోతది ఆమెకు.”

పదకొండేళ్ళు మోసి, ఇవాళ నోరు పెగిలి చెప్పిన పేరును కూడా తీసుకునే చోటు లేదు. బాలనర్సమ్మ అట్లాగే కూర్చుంది. అప్పుడు, ఇన్నేళ్ళలో మొదటిసారి, ఎల్లస్వామి ఏడ్చాడు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకోవాలని కూడా తోచలేదు. పందిట్లో నలుగురూ చూస్తుండగా, పెద్ద గొంతుతో, పిల్లవాడిలాగా ఏడ్చాడు. ‘ఆరేండ్లేనే, ఆరేండ్లేనే’ అంటూ ఏడ్చాడు. బాలనర్సమ్మ అతని చెయ్యి పట్టుకుని లేపింది.

లింగ్యా షాపులో కూర్చునే ఉన్నాడు. వీళ్ళ మొహాలు చూసి లేచి నిలబడ్డాడు.

“అన్నా, నేను పోతున్న. మిషిన్ల తారీఖు ఎంత పెట్టమంటవ్?”

ఎల్లస్వామి గుమ్మంలోనే నిలబడ్డాడు. తెర మూల ఇంకా ఆగస్టే ఉంది.

“ఇయ్యాల్టిది పెట్టు తమ్మీ,” అన్నాడు. లింగ్యా పెడుతుంటే మాత్రం మొహం వీధి వైపు తిప్పుకున్నాడు.

సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. బడి ముందర ఆడవాళ్ళు గుండ్రంగా తిరుగుతున్నారు. బాలనర్సమ్మ ఆ ఆటకు పోక పదకొండేళ్ళు. ఇవాళ నువ్వులు దంచి, బెల్లం కలిపి, గిన్నెలో పోసుకుని పోయింది. ఎల్లస్వామి దూరంగా బడి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కొత్తగా కిరాయికి వచ్చినవాళ్ళ పిల్ల ఒకతె, ముందరి పళ్ళు ఊడిపోయినది, పూలు తొక్కుతుందని తల్లి చేత తిట్లు తింటూ పక్కకు వచ్చింది. బాలనర్సమ్మ ఆ పిల్ల ముందర గొంతుక్కూర్చుని, ఎన్నేండ్లే అనడిగింది. పిల్ల చేతివేళ్ళు చూపెట్టింది. బాలనర్సమ్మ చిన్న ముద్ద చేసి చేతిలో పెట్టింది. పిల్ల తిని, “ఇంకింత పెట్టు పెద్దమ్మా, మస్తున్నది,” అంది. బాలనర్సమ్మ ఇంకొక ముద్ద పెట్టింది.

ఇందులో నేను కల్పించింది ఇంకొక్కటే ఉంది, చెప్పేస్తాను. ఆ పిల్ల ఇంకింత పెట్టమని అడగలేదు. ముద్ద నోట్లో వేసుకుని, చెయ్యి గౌనుకు తుడుచుకుని, వెనక్కి చూడకుండా ఆటలోకి ఉరికింది. రెండో ముద్ద బాలనర్సమ్మ చేతిలోనే ఉంది. ఆట అయిపోయి అందరూ ఇళ్ళకు పోయేదాకా ఉంది.